పూల్ హీట్ పంప్‌ను అమ్మేసే ముందు ఒక్క నెల ఇవ్వండి

గౌరవనీయులైన మన నిర్వహణ కమిటీ సభ్యులకు,

నమస్కారం. ఆరేళ్లుగా మన పూల్‌ను చూసుకుంటున్న ఆపరేటర్‌ని రాస్తున్నాను. పోయిన ఆదివారం మీటింగ్‌లో, పూల్ నీళ్లు వేడి చేసే మన మెషిన్ గురించి, "హీట్ పంప్ పని చెయ్యట్లేదు, కరెంటు మాత్రం లాగుతోంది, ఎవరైనా కొంటే ఇచ్చేద్దాం" అని తీర్మానం చేశారని తెలిసింది. ఆ మీటింగ్‌కి నన్ను పిలవలేదు. పిలిచి ఉంటే ఇవన్నీ అక్కడే చెప్పేవాణ్ణి. ఈ ఉత్తరాన్ని అందరూ చదివేలా పెట్టడానికి ఒక కారణం ఉంది. వేరే చోట్ల పూల్ చూసుకునే నాలాంటి వాళ్లతో మాట్లాడినప్పుడల్లా ఇదే కథ వింటున్నాను. మంచి మెషిన్ కొంటారు, తప్పుగా నడుపుతారు, చివరికి మెషిన్‌దే తప్పని తీసి పారేస్తారు.

మన మెషిన్ చెడిపోలేదు. దాన్ని మనం గీజర్‌లా వాడుతున్నాం. అది గీజర్ కాదు.

మొన్న శనివారం పొద్దున ఆరున్నరకి పిల్లల క్లాసు మొదలైనప్పుడు నీళ్లు 22 డిగ్రీలు ఉన్నాయి. నా థర్మామీటర్‌తో రెండు చోట్ల చూశాను. పది నిమిషాలకే రెండో బ్లాక్ బాబు గట్టు పట్టుకుని నిలబడిపోయాడు. పెదాలు నీలంగా మారాయి, పళ్లు టకటకా కొట్టుకుంటున్నాయి, పేరు అడిగితే చెప్పలేకపోతున్నాడు. కోచ్ వాణ్ణి ఎత్తి టవల్‌లో చుట్టి, క్లాసు ఆపేశారు. వెనకాల ప్లాంట్ రూమ్ దగ్గర మెషిన్ ఫ్యాను తిరుగుతూనే ఉంది. ఆ సంగతి చూసిన వాళ్లెవరికైనా కోపం రావడం సహజం. కానీ ఆ కోపం తగలాల్సింది మెషిన్‌కి కాదు, దానికి మనం పెట్టిన టైమింగ్‌కి.

ముందు ఆ మెషిన్ ఏం చేస్తుందో చెప్పనివ్వండి. నీళ్ల మోటారు నీళ్లను తయారు చెయ్యదు, ఉన్నచోటి నుంచి తోడి పైకి పంపుతుంది. హీట్ పంప్ కూడా అంతే. గాలిలో ఉన్న వేడిని తోడి నీళ్లలో పోస్తుంది. ఫ్యాను బయటి గాలిని కాయిల్ మీదుగా లాగుతుంది. కాయిల్‌లోకి ద్రవంగా వచ్చే గ్యాసు గాలి కంటే చల్లగా ఉంటుంది కాబట్టి ఆ వేడిని పీల్చుకుని ఆవిరవుతుంది. కంప్రెసర్ దాన్ని గట్టిగా నొక్కితే అది బాగా వేడెక్కుతుంది. ఆ వేడి గ్యాసు టైటానియం గొట్టం దాకా వెళ్లి, దాని చుట్టూ పారే పూల్ నీళ్లకి వేడి ఇచ్చేసి, చల్లబడి ద్రవంగా మారి, ప్రెషర్ తగ్గగానే ఇంకా చల్లబడి మళ్లీ కాయిల్‌కి వస్తుంది. మన ఇళ్లలో ఏసీ గదిలోని వేడిని బయట పారేస్తుంది, ఇది బయటి వేడిని నీళ్లలోకి తెస్తుంది. ఈ ఆలోచన కొత్తదేమీ కాదు. లార్డ్ కెల్విన్‌గా పేరుపడ్డ విలియం థామ్సన్ 1852లోనే బయటి గాలిలోని వేడితో భవనాలు వెచ్చబరచవచ్చని చెప్పారు.

తోడుతుంది కాబట్టే లాభం. గీజర్ రాడ్‌కి ఒక యూనిట్ కరెంటు ఇస్తే ఒక యూనిట్ వేడి వస్తుంది, అంతకు మించి రాదు. బయట గాలి వెచ్చగా, కాస్త తేమగా ఉన్నప్పుడు మన మెషిన్‌కి ఒక యూనిట్ ఇస్తే ఐదు యూనిట్ల వేడి వస్తుంది. గాలి చల్లబడే కొద్దీ ఈ లెక్క పడిపోతుంది. తోడాల్సిన వేడి గాలిలో ఉండాలి కదా.

ఇప్పుడు మన పూల్ లెక్క చూడండి. పొడవు 12 మీటర్లు, వెడల్పు 6 మీటర్లు, సగటు లోతు మీటరుంబావు. అంటే 90 వేల లీటర్లు. వెయ్యి లీటర్ల నీళ్లు ఒక్క డిగ్రీ వేడెక్కాలంటే 1.16 యూనిట్ల వేడి కావాలి. మన పూల్ మొత్తం ఒక్క డిగ్రీ పెరగాలంటే దాదాపు 105 యూనిట్లు. మన మెషిన్ మంచి ఎండలో గంటకి 25 యూనిట్ల వేడి ఇస్తుంది. అంటే ఒక్క డిగ్రీకి నాలుగు గంటల పైనే. 22 నుంచి 28కి రావాలంటే, మధ్యలో ఒక్క చుక్క వేడి కూడా పోలేదనుకున్నా, 25 గంటలు నడవాలి.

మనం నడుపుతున్నది ఎంత? తెల్లవారుజామున నాలుగు నుంచి ఆరు దాకా, రెండు గంటలు. "ఈతకి ముందు వేడి చేస్తే చాలు" అని పోయిన ఏడాది పెట్టిన టైమర్ అది. రోజు మొత్తంలో గాలి అతి చల్లగా ఉండే సమయం సరిగ్గా అదే. గాలి 15 డిగ్రీలకి దిగితే మన మెషిన్ గంటకి 17, 18 యూనిట్ల వేడి మాత్రమే ఇవ్వగలదు. రెండు గంటలకి 35 యూనిట్లు. పూల్‌లో అది డిగ్రీలో మూడో వంతు. మధ్యాహ్నం రెండింటికి గాలి 28 డిగ్రీలు ఉన్నప్పుడు అదే మెషిన్‌ని ఆఫ్ చేసి కూర్చోబెడుతున్నాం.

ఇక పోయే వేడి సంగతి. ఇది నేను స్వయంగా కొలిచాను, అందుకే కొంచెం వివరంగా రాస్తాను. పూల్ మెట్టు మీద ఒక బకెట్ పెట్టి, పూల్ నీళ్లతోనే నింపి, బకెట్ లోపల నీటి మట్టం దగ్గర ఒక టేపు ముక్క, బయట పూల్ మట్టం దగ్గర ఒకటి అంటించాను. బకెట్‌లోనూ పూల్‌లోనూ ఒకేలా తగ్గితే అది ఆవిరి, పూల్‌లో ఎక్కువ తగ్గితే లీకు. రాత్రి పదింటికి ఫిల్టర్ ఆపి గుర్తు పెట్టాను, పొద్దున ఆరింటికి స్కేలు పెట్టి చూశాను. రెండింటిలోనూ 3 మిల్లీమీటర్లు తగ్గాయి. లీకు లేదని తేలింది, అది సంతోషమే. కానీ ఆ 3 మిల్లీమీటర్లు పూల్ అంతటా లెక్కేస్తే 216 లీటర్లు. ఒక లీటరు నీళ్లు ఆవిరై పోతూ ముప్పావు యూనిట్‌కి కొంచెం తక్కువ, 0.67 యూనిట్ల వేడిని తీసుకుపోతాయి. అంటే ఒక్క రాత్రిలో 145 యూనిట్ల వేడి గాల్లో కలిసింది. దాదాపు డిగ్రీన్నర. తెల్లవారుజామున మనం పోసేది 35.

చిల్లుకుండలో నీళ్లు పోస్తూ కుండ నిండలేదని బాధపడుతున్నాం.

ఆ చిల్లు పూడ్చడానికి కావాల్సింది నీళ్ల మీద పరిచే కవర్. బుడగల కవర్, పూల్ కొలతకి కత్తిరించి, ఒక చివర రోలర్‌తో. నేను అడగడం ఇది మూడోసారి. రెండుసార్లూ "చూద్దాం" అన్నారు. అమెరికా ఇంధన శాఖ లెక్క ప్రకారం పూల్ పోగొట్టుకునే వేడిలో దాదాపు 70 శాతం ఆవిరి రూపంలోనే పోతుంది, కవర్ వాడితే వేడి చేసే ఖర్చు 50 నుంచి 70 శాతం తగ్గుతుంది. మెషిన్ కొనేటప్పుడు దాంతో పాటు తప్పకుండా కొనాల్సిన వస్తువు అది. "కవర్ వేస్తే పూల్ అందం పోతుంది" అని ఒక సభ్యురాలు అన్నారు. మేడమ్, రాత్రి పది తర్వాత వేసి పొద్దున ఐదున్నరకి తీసేస్తాను. ఎవరికీ కనపడదు.

కవర్ గురించి ఒక మాట మాత్రం గట్టిగా చెప్పాలి. బుడగల కవర్ మనిషి బరువు ఆపదు. దాని మీద అడుగుపెట్టిన పిల్లవాడు కిందికి జారిపోతే కవర్ పైన మూసుకుంటుంది, ఎవరికీ కనపడడు. కాబట్టి ఎవరు నీళ్లలోకి దిగాలన్నా కవర్ పూర్తిగా తీసి ఉండాలి, సగం తీసి సగంలో ఈత కుదరదు. కవర్ వేసి ఉన్నంతసేపు గేటుకి తాళం ఉండాలి. ఈ రెండూ ఒప్పుకుంటేనే కవర్ కొనండి. ఒప్పుకోకపోతే నేనే వద్దంటాను.

రెండో పెద్ద విషయం మెషిన్ చుట్టూ కట్టిన రేకుల షెడ్డు. వాన పడుతుందని, చూడ్డానికి బాగాలేదని రెండేళ్ల కిందట నాలుగు వైపులా రేకులు కట్టించారు. మంచి మనసుతోనే చేశారు, కాదనను. కానీ ఈ మెషిన్ వానలో ఉండడానికే తయారైంది. దానికి కావాల్సింది గాలి. ఫ్యాను బయటికి ఊదే గాలి వేడి అంతా తీసేసుకున్న చల్లగాలి. అది షెడ్డులోంచి బయటికి పోలేక, తిరిగి కాయిల్ దగ్గరికే వస్తోంది. మెషిన్ తాను వదిలిన చల్లగాలినే మళ్లీ పీలుస్తోంది. ఒక మధ్యాహ్నం రెండు థర్మామీటర్లు పెట్టాను. షెడ్డు బయట 28, లోపల కాయిల్ పక్కన 16. బయట మండుటెండ, మెషిన్‌కి మాత్రం చలికాలం. ముందు వైపు మూడు రేకులు విప్పి గోడకి ఆనించాను. ఇరవై నిమిషాల్లో కాయిల్ దగ్గర 26కి వచ్చింది, కంప్రెసర్ మోత కూడా తేలికపడింది. సాయంత్రం సెక్యూరిటీ వాళ్లు వచ్చి "కమిటీ ఆర్డర్ లేదు" అని రేకులు మళ్లీ బిగించారు. వాళ్ల తప్పేం లేదు, వాళ్ల డ్యూటీ వాళ్లు చేశారు. మీరు ఒక్క కాగితం ఇస్తే ఆ రేకులు శాశ్వతంగా తీసేస్తాను. ఫ్యాను ఎదురుగా రెండు మీటర్లకి పైగా ఖాళీ, కాయిల్ వైపు కనీసం అర మీటరు ఉంటే దానికి ఊపిరాడుతుంది. అందం కావాలంటే కాస్త దూరంగా మొక్కలు పెడదాం, ఆకులు రాలి కాయిల్‌కి అతుక్కోనంత దూరంలో.

మీటింగ్‌లో వచ్చిన ఇంకో మాట: "నీళ్లు పూల్‌లోకి వచ్చే చోట చెయ్యి పెట్టి చూశాం, చల్లగానే ఉన్నాయి." అలాగే ఉంటాయి సార్. గంటకి పది వేల లీటర్లు మెషిన్‌లోంచి పారుతున్నాయి. అంత నీటికి 25 యూనిట్ల వేడి పంచితే లోపలికి వెళ్లిన నీటికీ బయటికి వచ్చిన నీటికీ తేడా రెండు డిగ్రీలే. మన చర్మం 33 డిగ్రీల చుట్టుపక్కల ఉంటుంది కాబట్టి 30 డిగ్రీల నీళ్లు కూడా చేతికి చల్లగానే తగులుతాయి. షవర్‌లో లాగా చుర్రుమనే నీళ్లు రావాలని చూస్తే ఎప్పటికీ రావు. తేడా ఎక్కువ రావాలని ఎవరో బైపాస్ వాల్వు తిప్పి మెషిన్‌కి నీళ్లు తగ్గించారు కూడా. అప్పుడు నీళ్లు చేతికి కాస్త వెచ్చగా తగులుతాయి, కానీ పూల్‌కి చేరే మొత్తం వేడి తగ్గుతుంది, కంప్రెసర్ మీద ప్రెషర్ పెరుగుతుంది. దయచేసి ఆ వాల్వుల జోలికి ఎవరూ రావద్దు. పెయింట్‌తో గుర్తులు పెట్టాను, అవి అలాగే ఉండనివ్వండి.

సెట్టింగు 40కి పెడితే త్వరగా వేడెక్కుతుందన్నదీ నిజం కాదు. 28 పెట్టినా 40 పెట్టినా గంటకి ఇచ్చే వేడి అంతే, ఎక్కడ ఆగాలన్నదే ఆ అంకె చెబుతుంది. ప్రపంచ పోటీలు జరిగే పూల్స్‌లో నీళ్లు 25 నుంచి 28 డిగ్రీల మధ్య ఉండాలని ప్రపంచ ఈత సంఘం వరల్డ్ అక్వాటిక్స్ నియమం. చిన్నపిల్లలకీ, మోకాళ్ల నొప్పులున్న పెద్దవాళ్లకీ ఇంకాస్త వెచ్చగా ఉంటే బాగుంటుంది. మూడో బ్లాక్ అమ్మమ్మగారు మోకాలి ఆపరేషన్ తర్వాత నీళ్లలో నడవమన్నారని రోజూ వచ్చేవారు. చలికి తట్టుకోలేక రెండు నెలలుగా రావడం మానేశారు. ఆవిడ కోసం 31 పెట్టాలని నాకూ ఉంది. కానీ నీళ్లు ఎంత వెచ్చగా ఉంటే అంత వేడి గాల్లోకి పోతుంది, క్లోరిన్ కూడా త్వరగా ఖర్చవుతుంది, సున్నం పేరుకోవడం పెరుగుతుంది. అందుకని 28 నుంచి మొదలుపెడదాం. కవర్ వేశాక మీటరు ఏం చెబుతుందో చూసి ఒక డిగ్రీ పెంచడం గురించి అప్పుడు మాట్లాడుకుందాం.

"మెషిన్ కింద నీళ్లు కారుతున్నాయి, లీకు" అన్న ఫిర్యాదు మీద పోయిన సీజన్‌లో బయటి నుంచి ఒక మెకానిక్‌ని తెప్పించారు. అతను గ్యాసు తక్కువుందని చెప్పి గ్యాసు ఎక్కించి వెళ్లాడు. ఆ రోజు నేను సెలవులో ఉన్నాను. అవి లీకు నీళ్లు కావు. చల్లని గ్లాసు బయట చెమట పట్టినట్టు, చల్లని కాయిల్ మీద గాలిలోని తేమ నీరై కారుతుంది. తేమ ఎక్కువున్న రోజు బకెట్లకి బకెట్లు వస్తాయి, అది మెషిన్ బాగా పని చేస్తోందనడానికి గుర్తు. తర్వాత రోజు ఆ నీళ్లు పట్టి టెస్ట్ కిట్ గొట్టంలో వేసి, క్లోరిన్ ఉందో లేదో చెప్పే చుక్కలు కలిపాను, రంగు మారలేదు. పక్కనే పూల్ నీళ్లతో చేస్తే వెంటనే పసుపు తిరిగింది. పూల్ నీళ్లే కారుతుంటే రెండూ ఒకే రంగు రావాలి. ఆ రెండు గొట్టాలూ ఫోటో తీసి వాట్సాప్ గ్రూపులో పెట్టాను, ఎవరూ పట్టించుకోలేదు.

ఆ మెకానిక్ పోతూ పోతూ ఇంకో పని చేసి వెళ్లాడు. అది నన్ను నిజంగా భయపెట్టింది. నీళ్లు తగినంత పారకపోతే మెషిన్‌ని ఆపేసే ఫ్లో స్విచ్ ఒకటి ఉంటుంది. మాటిమాటికీ ఎర్రర్ వస్తోందని దాని రెండు తీగల్ని చిన్న వైరు ముక్కతో కలిపేశాడు. ఎర్రర్ పోయింది. కానీ ఫిల్టర్ పంపు ఆగినా మెషిన్‌కి తెలియదు, పారని నీళ్ల మీద కంప్రెసర్ అలాగే నడుస్తుంది. నేను మూత తీసినప్పుడు ఆ ఎర్ర వైరు కనపడింది, వెంటనే తీసేశాను. అసలు కారణం వెతికితే ఇసుక ఫిల్టర్ ప్రెషర్ గేజ్ ఎక్కువ చూపిస్తోంది. బ్యాక్‌వాష్ చేశాను, అంటే నీళ్లు వెనక్కి తోసి ఇసుకలో చేరిన మురికి కడిగేశాను, ఎర్రర్ మళ్లీ రాలేదు. ఎర్రర్ అంటే మెషిన్ మొండితనం కాదు, అది మనకి చెబుతున్న మాట. అలాగే కరెంటు లీకైతే వెంటనే సప్లై ఆపేసే ఎర్త్ లీకేజ్ బ్రేకర్ ట్రిప్ అవుతోందని దాన్ని తీసేద్దామని ఒకరు సలహా ఇచ్చారట. తడి గట్టు మీద పిల్లలు ఉత్తికాళ్లతో నడిచే చోటు ఇది. ఆ బ్రేకర్ తీసిన రోజు నేను ఈ ఉద్యోగం చెయ్యను.

బ్రేకర్ ఆఫ్ చేసి వెంటనే ఆన్ చేస్తే "స్టార్ట్ కావట్లేదు" అంటున్నారు. కంప్రెసర్ ఆగాక మూడు నుంచి ఐదు నిమిషాలు తనే వేచి ఉంటుంది, దాన్ని కాపాడుకోవడానికే ఆ ఏర్పాటు. టెన్షన్ పడి నాలుగుసార్లు కొడితే ప్రతిసారీ లెక్క మొదటికి వస్తుంది.

ఇక నా వైపు నుంచి జరిగిన తప్పు ఒకటి ఒప్పుకోవాలి. క్లోరిన్ మాత్రల్ని మొదటి ఏడాది స్కిమ్మర్ బుట్టలో, అంటే నీటిపైన తేలే చెత్తని పట్టే బుట్టలో, వేసేవాణ్ణి, అందరూ అలాగే చేస్తారని. ఆ మాత్రలు కరిగిన నీళ్లు బాగా ఆమ్లంగా ఉంటాయి. పంపు ఆగినప్పుడు ఆ ఘాటు నీళ్లు పైపులో నిలిచి, పంపు మొదలవగానే నేరుగా మెషిన్‌లోకి పోతాయి. టైటానియం క్లోరిన్‌కి తట్టుకుంటుంది, కానీ సీళ్లు, మిగతా భాగాలు అన్నీ తట్టుకోవు. మాన్యువల్ చదివాక మానేశాను. ఇప్పుడు క్లోరిన్ మెషిన్ దాటాకే కలుస్తోంది, మధ్యలో వెనక్కి రాకుండా నాన్-రిటర్న్ వాల్వు పెట్టించాను. నీళ్లు ఎంత ఆమ్లంగా ఉన్నాయో చెప్పే పీహెచ్‌ని 7.2 నుంచి 7.6 మధ్య ఉంచుతున్నాను.

నేను అడుగుతున్నది ఒక్క నెల. కవర్ తెప్పించండి. రేకులు తీయడానికి అనుమతి కాగితం ఇవ్వండి. టైమర్‌ని పొద్దున తొమ్మిది నుంచి సాయంత్రం ఆరుకి మార్చనివ్వండి. మెషిన్ నడుస్తున్నంతసేపు ఫిల్టర్ పంపు కూడా నడవాలి కాబట్టి దాని టైమర్ కూడా. మొదటి మూడు నాలుగు రోజులు ఆ తొమ్మిది గంటలూ మెషిన్ ఆగకుండా నడుస్తుంది, మీటరు చూసి గాభరా పడొద్దు. 22 నుంచి 28కి తీసుకురావడానికి అయ్యే వేడి 630 యూనిట్లు, మెషిన్‌కి అందుకు పట్టే కరెంటు 125 యూనిట్ల చుట్టుపక్కల, దారిలో పోయే వేడి దానికి అదనం. అదే గీజర్ రాడ్లతో అయితే 630 యూనిట్ల కరెంటూ కట్టాలి. ఒకసారి 28కి వచ్చాక, రాత్రి కవర్ ఉంటే, రోజుకి మూడు నాలుగు గంటలు నడిస్తే సరిపోతుందని నా అంచనా. నెల తర్వాత ఆ అంచనా తప్పని తేలితే, అప్పుడు అమ్మేయండి, నేనే దగ్గరుండి విప్పిస్తాను.

ఇంకొక్క మనిషి సాయం కావాలి. 72 చదరపు మీటర్ల కవర్‌ని ఒక్కణ్ణే రోలర్‌కి చుట్టలేను, ఒక వైపు లాగితే రెండో వైపు నీళ్లలో ముడుచుకుపోతుంది. రాత్రి పది నిమిషాలు, పొద్దున పది నిమిషాలు సెక్యూరిటీలో ఒకరిని పంపితే చాలు.

సీల్ లేని చిన్న మీటరు ఒకటి మెషిన్ లైన్ మీద విడిగా పెట్టించాను, పూల్ లైట్లూ ఫౌంటెన్ మోటారూ దాంట్లో కలవవు. పొడుగు నోట్‌బుక్ ఒకటి తెచ్చి గీతలు కొట్టాను. తేదీ, పొద్దున గాలి, పొద్దున నీళ్లు, సాయంత్రం నీళ్లు, ఫిల్టర్ ప్రెషర్, మీటరు అంకె, కవర్ వేసిన టైము, తీసిన టైము. ప్లాంట్ రూమ్ తలుపు వెనక మేకుకి వేలాడుతూ ఉంటుంది, ఎవరైనా ఎప్పుడైనా వచ్చి చూడొచ్చు. కవర్ ఏ రోజుకి వస్తుందో చెబితే మొదటి గడిలో ఆ తేదీ వేస్తాను.

ఇట్లు,
మీ పూల్ ఆపరేటర్